సీటు వెనక్కి జరిగింది

"బ్రేకు మీదికి నా కాలు అందలేదు బాబాయ్."

పళ్ళ డాక్టరు ఆ మాట చెప్పడం ఇది మూడోసారి. ఫోన్లో చెప్పినప్పుడు డిటెక్టివ్‌కి అది తలాతోకా లేని మాటలా వినిపించింది. క్లినిక్ మెట్ల మీద మళ్ళీ చెప్పినప్పుడు, పాపం బెదిరిపోయి ఏదో అంటోందిలే అనుకున్నాడు. ఇప్పుడు సెల్లార్లో, మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు కింద, ఆ కారు ఎదురుగా నిలబడి వింటుంటే మాత్రం అది కొట్టిపారేసే మాటలా లేదు.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పు. తొందరేం లేదు," అన్నాడు. తొందర ఉందని ఇద్దరికీ తెలుసు.

"మూడింటికి ఆఖరి పేషెంటుని పంపించేసి కిందికొచ్చాను. తలుపు తీసి కూర్చున్నాను. కాలు చాపితే ఏమీ తగల్లేదు. స్టీరింగు ఎక్కడో దూరంగా ఉంది. ఒక్క క్షణం వేరేవాళ్ళ బండి ఎక్కేశానేమో అనుకున్నాను. అద్దంలోకి చూస్తే వెనక గోడ కనిపించాలా, బండి పైకప్పు కనిపించింది. బాబాయ్, ఈ సీట్లో నేను తప్ప ఎవరూ కూర్చోరు. మా ఆయన కూడా కూర్చోరు. ఆయనకి ఈ బండంటే పడదని మీకు తెలుసుగా."

తెలియకేం. ఆమె తండ్రి, డిటెక్టివ్ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. తండ్రి పోయాక ఆమెకి మంచీచెడూ చెప్పే పెద్దదిక్కు ఈ బాబాయే. పోయినేడు ఆమె ఈ కారు కొన్నప్పుడు ఇంటిల్లిపాదీ చేసిన ఎగతాళి అతను దగ్గరుండి విన్నాడు. "ఊరందరి పళ్ళూ పీకి కూడబెట్టింది నాలుగు చక్రాల కింద పోసింది," అని అత్తగారు. "ఏనుగుని కొన్నావు, ఇక అంకుశం దగ్గర బేరాలాడకు," అని మొగుడు. సెకండ్‌హ్యాండ్‌దే అయినా అది మామూలు బండి కాదు మరి. ముదురు నీలం రంగు, పొడుగాటి ముక్కు, నేలకి జానెడెత్తున కడుపు. పందెంలో పరిగెత్తడానికి పుట్టినదాన్ని తెచ్చి గుంతల రోడ్ల మీద కూరగాయలకి తిప్పడమంటే మాటలా! వాన పడితే ఆవిడ ఆటోలో వెళ్ళేది. బజారుకెళ్ళినా, స్కూలు పిల్లలు గీతలు గీస్తారని రెండు వీధులవతల ఆపుకుని నడిచేది. ఇన్ని తిప్పలు పడి కూడా, పొద్దున్నే మీట నొక్కగానే అది గుర్రుమంటే ఆమె మొహం చిన్నపిల్ల మొహమైపోయేది. ఆ మొహం డిటెక్టివ్‌కి బాగా తెలుసు. అందుకే ఇప్పటి మొహం చూడలేకపోతున్నాడు.

కారు ఎడమ లైటు పగిలిపోయింది. దాని పైన బానెట్ లోపలికి సొట్టపోయింది. ముందు టైర్లకి తెల్ల రంగు అంటుకుని ఉంది.

"పోలీసులకి చెప్పావా?"

"మీకు చెప్పాను."

"ముందు వాళ్ళకి చెప్పాలమ్మా. నేను వస్తూ చెప్పేశాను. వచ్చేస్తుంటారు."

"వెనక వీధిలో ఎవర్నో నీలం కారు గుద్దేసి పోయిందని పేషెంట్లు చెప్పుకుంటుంటే, అయ్యో పాపం అన్నది నేనే బాబాయ్. ఆ నీలం కారు నాదేనని నాకేం తెలుసు?"

డిటెక్టివ్ ఆ వెనక వీధిలోంచే స్కూటరు మీద వచ్చాడు. అక్కడ జిరాక్స్ షాపు నడిపే ఆవిడ జరిగినదంతా కళ్ళారా చూసింది. చూసిందాన్ని కడుపులో దాచుకునే రకం కాదు.

"గుద్దినవాడు పారిపోవాలా వద్దా మీరే చెప్పండి!" అని ఆవిడ అతన్నే నిలదీసింది. "మనిషిని ఎగరగొట్టి ఝామ్మని పోయాడు. పోయి, అదిగో, ఆ స్పీడ్ బ్రేకర్ ముందు టక్కున నెమ్మదించాడు. మోకాళ్ళనొప్పులవాళ్ళు గడప దాటినట్టు, బండిని పక్కకి తిప్పి, మెల్లగా ఎక్కించి, మెల్లగా దింపి, అప్పుడు మళ్ళీ లంకించుకున్నాడు. మనిషి రోడ్డు మీద పడి కొట్టుకుంటుంటే, వాడి ప్రాణమంతా బండి మీదే ఉందండీ!"

ఆ స్పీడ్ బ్రేకర్‌కి తెల్ల పట్టీలు వేసి, ఆరకముందే పనివాళ్ళు భోజనాలకి వెళ్ళారట. టైర్ల గుర్తులు చక్కగా పడి ఉండాలి. కానీ డిటెక్టివ్ వెళ్ళేసరికి దాని మీద ఇంకో పూత తళతళలాడుతోంది. ట్రాఫిక్ ఆగిపోతోంది, కానిచ్చెయ్యమని ఇన్‌స్పెక్టర్ గారే చెప్పారట.

"పోలీసుల్ని మీరే పిలిచారా?" అని అడిగాడు డిటెక్టివ్.

"నేను ఫోన్ కలుపుతూనే ఉన్నాను, కలిస్తేగా! ఈలోపు ఇన్‌స్పెక్టర్ గారి జీపు దానంతటదే వచ్చేసింది."

పిలిచినా రానివాళ్ళు పిలవకుండానే వచ్చారంటే లోకం బాగుపడుతోందన్నమాట అని డిటెక్టివ్ లోలోపల నవ్వుకుని స్కూటరు స్టార్ట్ చేశాడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు.

"మధ్యాహ్నం ఒంటిగంటా రెంటి మధ్య ఎక్కడున్నావ్?"

"పైనే. నర్సు భోజనానికి ఇంటికెళ్ళింది. నేను పేషెంట్ల కుర్చీలో కాసేపు పడుకున్నాను."

"చూసినవాళ్ళెవరు?"

"తలుపేసుకుని పడుకున్నదాన్ని ఎవరు చూస్తారు బాబాయ్?"

"కారు తాళంచెవి?"

"హ్యాండ్‌బ్యాగులో. బ్యాగు నా తల కింద."

గేటు దగ్గరి వాచ్‌మన్‌ని కేకేస్తే వాడు తడుముకోకుండా చెప్పాడు. ఒకటింపావుకి బండి వెళ్ళింది, రెండు కాకముందే తిరిగొచ్చింది, రెండుసార్లూ తను సెల్యూట్ కొట్టాడు.

"లోపల ఎవరున్నారో చూడకుండానే కొట్టావా?"

"నల్లద్దాలు కదా సార్. నేను సెల్యూట్ కొట్టేది బండికి. మనిషికి ఎప్పుడు కొట్టాను?"

వాడు వెళ్ళిపోయాక డిటెక్టివ్ ఆమె వైపు తిరిగి మామూలుగా అన్నట్టు అన్నాడు: "దెబ్బ తిన్నవాడు పాత కార్ల బ్రోకరట. ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకా స్పృహ రాలేదు."

ఆమె కింది పెదవి కొరుక్కుంది.

"అమ్మాయ్, నిన్ను ఫ్రాకులేసుకున్నప్పట్నుంచీ చూస్తున్నాను. ఏదైనా దాచేముందు పెదవి కొరుక్కుంటావు. కొరకడం ఆపి చెప్పు."

"ఈ బండి నాకు అమ్మింది అతనే." మాట బయటికి రావడానికి ఆమె కష్టపడింది. "అప్పుడు ఒక్క తాళంచెవే ఇచ్చాడు. రెండోది పోయిందన్నాడు. కాగితాల్లో పాత ఓనరు ఎవరో ముసలావిడ. ఆవిడకి కారు నడపడం కాదు, కారెక్కడమే కష్టంలా ఉంది. ఆ రెండో తాళంచెవి కోసం అతనితో ఏడాదిగా పోట్లాడుతున్నాను. పోయిన వారం క్లినిక్‌కి వస్తే పేషెంట్ల ముందే అరిచేశాను."

"ఏమని?"

"తాళంచెవి తెచ్చివ్వకపోతే ఇదే బండి నీ మీదికి ఎక్కిస్తాను అని."

కోపమొస్తే నోటికి హద్దుండదు ఈ పిల్లకి, తండ్రి పోలిక. ఆ తండ్రి నోటి దురుసుకి మహా అయితే ఉద్యోగం ఊడింది. ఈమె మాటకి జైలు తలుపు తెరుచుకునేలా ఉంది.

"ఇంకా ఉంది బాబాయ్. ఇవాళ పొద్దున్నే అతను ఫోన్ చేశాడు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పేస్తాను, ఇక దాచడం నా వల్ల కాదు, మధ్యాహ్నం వచ్చి ఎదురుగానే చెప్తాను అన్నాడు. పేరు అడిగితే ఫోన్లో వద్దన్నాడు. 'ఆయన్ని మీరూ చూశారమ్మా' అన్నాడు. అప్పట్నుంచీ నాకు తెలిసిన ప్రతి మొహమూ తలుచుకుంటున్నాను. ఎదుటి ఫ్లాటాయన, మందుల షాపాయన, రోజూ లిఫ్టులో నవ్వే ఆడిటరు... ఎవర్ని తలుచుకున్నా భయమేస్తోంది."

"తాళాలు మొత్తం మార్పించేసుకుంటే ఈ బాధ ఉండేది కాదు కదమ్మా!"

"షోరూంవాళ్ళు పోలీసు ఫిర్యాదు కావాలన్నారు. స్టేషన్‌కి వెళ్ళి ఇచ్చాను కూడా. రాసుకున్నారు గానీ, పోయిన తాళంచెవి పోయినట్టే, అంత ఖర్చు ఎందుకు మేడమ్ అన్నారు. నిజమే కదా అనిపించి ఊరుకున్నాను."

డిటెక్టివ్ జేబురుమాలు చేతికి చుట్టుకుని కారు తలుపు తీశాడు. సీటు ఆమె వదిలేసినట్టే వెనక్కి ఉంది. కూర్చుని కాళ్ళు చాపాడు. అతనూ పొట్టివాడే, బ్రేకు అందలేదు. తలుపు లోపలి వైపు, మోచెయ్యి ఆనేచోట రెండు చిన్న మీటలు, ఒకటి అనీ రెండు అనీ అంకెలతో ఉన్నాయి.

"ఇవేంటమ్మా?"

"సీటు కొలతలు గుర్తుపెట్టుకునేవి. ఒకటి నాది. రెండోది ముందున్న ఓనరుది. నేనెప్పుడూ ముట్టుకోలేదు."

అతను ఒకటి నొక్కాడు. సన్నగా రొద చేస్తూ సీటు ముందుకి జరిగింది, స్టీరింగు దగ్గరికొచ్చింది, అద్దం వంగింది. సెల్లార్ వెనక గోడ చక్కగా కనిపించింది. ఇది ఆమె కొలత. అప్పుడు రెండు నొక్కాడు. సీటు ఒక్క ఊపున వెనక్కి పోయి ఆగింది. అతని కాళ్ళు మళ్ళీ గాల్లోకి వచ్చాయి. అద్దంలో పైకప్పు కనిపించింది. అంతకుముందు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే, వెంట్రుకవాసి తేడా లేదు.

అంటే మధ్యాహ్నం ఈ బండి తీసినవాడు దొంగ కాడు. కొత్తవాడూ కాడు. ఈ సీటు అతని ఒంటి కొలతల్ని ఏడాదిగా గుర్తుపెట్టుకుని కూర్చుంది. ఆమె రోజూ పొద్దున్నే నవ్వుకుంటూ ఎక్కిన బండిలో ఇంకొకడి చోటు అలాగే ఉండిపోయింది. డిటెక్టివ్‌కి ఎవరి ఒళ్ళోనో కూర్చున్నట్టనిపించింది. గబగబా మళ్ళీ ఒకటి నొక్కేసి దిగిపోయాడు.

"స్పీడ్ బ్రేకర్ వస్తే నువ్వేం చేస్తావమ్మా?"

"తిన్నగా ఎక్కితే బండి కడుపు గీసుకుపోతుంది బాబాయ్. ఇలా..." ఆమె చేతులు గాల్లో స్టీరింగు పట్టుకుని కుడికి తిరిగాయి. "ముక్కు కుడికి తిప్పి, ఐమూలగా, ఒక్కో చక్రం ఎక్కిస్తాను."

"ఎడమకి తిప్పవా?"

"చేతకాదు. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం లేవూ, అలాగే ఇదీ. ఇలాంటి కిందికుండే బండ్లు నడిపేవాళ్ళకి ఏదో ఒక పక్క అలవాటైపోతుంది. రెండో పక్కకి తిప్పాలంటే చేతులు తడబడతాయి."

డిటెక్టివ్ సెల్లార్ గుమ్మం దగ్గరికి నడిచాడు. అక్కడ వాననీళ్ళు లోపలికి రాకుండా కట్టిన సిమెంటు గట్టు ఉంది. దాని మీద ఏడాదిగా పడ్డ నల్లటి టైరు చారలు ఒకే వాలుగా ఉన్నాయి, వస్తూ పోతూ ఆమె తిప్పే వాలు. వాటికి అడ్డంగా కత్తెర వేసినట్టు రెండు తెల్లటి చారలు పడి ఉన్నాయి. తడి రంగు తొక్కి వచ్చిన టైర్లవి. ముక్కు ఎడమకి తిప్పి ఎక్కాడు. ప్రాణభయంతో తిరిగొస్తూ కూడా వాడు బండిని గీసుకోనివ్వలేదు.

గేటు బయట జీపు ఆగిన చప్పుడైంది. డిటెక్టివ్ చెయ్యగలిగింది చేశాడు. తన స్కూటరుని తోసుకొచ్చి ఆ తెల్ల చారల మీద స్టాండు వేశాడు. చేతిలో ముక్క అవతలివాడికి చూపించి పేకాడేవాడు ఎక్కడా ఉండడు. ఈ ఇన్‌స్పెక్టరు దగ్గర అసలే చూపించకూడదు. వెనక రెండు కేసుల్లో ఈయన నేరస్థుడని తేల్చినవాణ్ణి డిటెక్టివ్ నిర్దోషిగా బయటికి తెచ్చాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ ఉప్పూనిప్పూ.

దూలం తగలకుండా టోపీ తీసి చేత్తో పట్టుకుని ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. వెనక ఒక లేడీ కానిస్టేబుల్, ఒక డ్రైవరు.

"ఓహో, పంటినొప్పి గారు! ఎక్కడ చూసినా మీరే. పీకించుకుందామన్నా పోరు."

"మంచి డాక్టరు దగ్గరే ఉన్నాను లెండి. ఆ స్పీడ్ బ్రేకర్ మీద మళ్ళీ రంగు వేయించేశారట?"

"సగం రంగుతో రోడ్డు వదిలేస్తే ఇంకోడు జారి పడతాడు. అప్పుడు మీకు ఇంకో కేసు."

"టైరు గుర్తులు పోయాయి కదండీ."

"టైర్లే ఇక్కడుంటే గుర్తులెందుకయ్యా? తెల్లగా మెరుస్తున్నాయిగా!" ఇన్‌స్పెక్టరు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. పగిలిన లైటు దగ్గర ఆగి నాలుక చప్పరించాడు. "ఎంత బండి, ఎంత బండి! ఇలాంటివి మేం సినిమాల్లో చూడ్డమే. మాదంతా జీపు బతుకు. సరే మేడమ్, వస్తూ మీ నర్సుకి ఫోన్ చేసి అన్నీ కనుక్కున్నాను. బండి మీది. తాళంచెవి మీ బ్యాగులో ఉంది. బ్రోకరు మీదికి బండెక్కిస్తానని మీరన్న మాట నలుగురు విన్నారు. ఆ గంటలో మిమ్మల్ని చూసినవాళ్ళు లేరు. నేను ఇంకేం వెతకాలి?"

"రెండో తాళంచెవి," అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు అతని వైపు తిరిగాడు. "ఏ రెండో తాళంచెవి?"

ఆమె బాబాయ్ వంక చూసింది. చెప్పనా వద్దా అని ఆ చూపులో ఉంది. ఇక్కడ డిటెక్టివ్ ఒక్క క్షణం ఆలోచించాడు. బ్రోకరు ఫోన్ సంగతి ఇప్పుడు చెప్పకపోతే రేపు ఫోను కంపెనీ చెప్తుంది. అప్పుడు అది ఆమె మెడకే చుట్టుకుంటుంది. చెప్తే, బండి తియ్యగలిగినవాడు ఇంకొకడున్నాడని కేసులోకి ఎక్కుతుంది.

"చెప్పేయమ్మా. పోలీసుల దగ్గర దాపరికం వద్దు," అన్నాడు.

ఆమె చెప్పింది. పొద్దుటి ఫోన్, దాచలేనన్న మాట, మధ్యాహ్నం వస్తానన్న మాట, మీరూ చూసిన మనిషేనన్న మాట, అన్నీ చెప్పింది. వింటున్నకొద్దీ ఇన్‌స్పెక్టరు గొంతులో గరుకుదనం పోయింది.

"పేరు చెప్పాడా మేడమ్?"

"లేదండీ."

"ఎవరై ఉంటారంటారు?"

"ఆలోచిస్తున్నానండీ. ఇవాళ కాకపోతే రేపు తడుతుంది."

"తట్టాలి, తట్టాలి. మీరు కంగారుపడకండి. స్టేషన్‌కి వచ్చి నింపాదిగా కూర్చుని ఆలోచిద్దురు గానీ. మీ ఫోన్ ఇలా ఇవ్వండి, రూలు." ఫోన్ జేబులో వేసుకుని డ్రైవరుకేసి చూశాడు. "బండిని లాక్కెళ్ళే లారీకి చెప్పు."

"అయ్యో, కొక్కెం వేసి లాగకండి!" ఆమె నోటివెంట మాట దానంతటదే వచ్చేసింది. "ముందు భాగమంతా ఊడిపోతుంది. చాలా కిందికి ఉంటుందండీ ఇది."

నెత్తి మీద హత్యాయత్నం కేసు వేలాడుతుంటే బండి మీద గీత పడుతుందని దిగులు! డిటెక్టివ్‌కి జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇన్‌స్పెక్టరు మాత్రం మెత్తగా నవ్వాడు.

"అయితే నడిపించుకునే పోదాం. నాకా ఇలాంటివి చేతకావు. మీరు పక్కన కూర్చుని ఏది ఎక్కడ నొక్కాలో చెప్పండి."

"వేలిముద్రలు తియ్యకుండా స్టీరింగు పట్టుకుంటారా?" అని అడ్డుపడ్డాడు డిటెక్టివ్.

"ఈ గుడ్డి వెలుతుర్లో ఏం తీస్తారండీ? స్టేషన్లో తీస్తారు."

"లేడీ కానిస్టేబుల్ కూడా ఎక్కాలి కదా?"

"వెనకసీటు తొక్కకూడదు, ఆధారాలు పోతాయి. ఆవిడ జీపులో మా వెనకే వస్తుంది. మీరు మీ స్కూటరు మీద మెల్లగా రండి, మీకు తొందరేముంది?"

స్కూటరు అడ్డం తీయక తప్పలేదు. అయినా డిటెక్టివ్ మనసు కాస్త కుదుటపడింది. బేడీలు వెయ్యలేదు, గద్దించలేదు. రెండో మనిషి సంగతి చెవినేసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఈయన్ని మరీ చెడ్డవాడనుకున్నానేమో అని కూడా అనిపించింది. చారలకి దూరంగా, గోడవారగా స్కూటరు ఆపి చూస్తూ నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు కారెక్కాడు. మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి. "ఇదెక్కడి సీటమ్మా, పసిపిల్లలకి చేసినట్టుంది!" అన్నాడు. ఆమె పక్కనుంచి వంగి, "ఆగండి, మీట ఎక్కడుందంటే..." అని మొదలుపెట్టింది.

ఆమె చెప్పడం పూర్తికాలేదు. సన్నటి రొద వినిపించింది. సీటు ఒక్క ఊపున వెనక్కి పోయి ఆగింది. కొత్తవాళ్ళయితే కాస్త ముందుకి, కాస్త వెనక్కి, మళ్ళీ ముందుకి సర్దుకుంటారు. ఇది సర్దుకోలేదు. తలుపు మూసుకుంది.

డిటెక్టివ్ చెవులు ఆ రొదని పట్టుకున్నాయి గానీ బుర్రకి ఇంకా ఎక్కలేదు. అతను అలాగే నిలబడి ఉండగా కారు గుర్రుమని, మెల్లగా కదిలి, సిమెంటు గట్టు ముందుకొచ్చి నెమ్మదించింది. ముక్కు ఎడమకి తిరిగింది. ఒక చక్రం ఎక్కింది, ఆగింది, రెండోది ఎక్కింది. టైర్లు సరిగ్గా ఆ తెల్ల చారల మీదుగా, గీసిన గీత మీద నడిచినట్టు దాటిపోయాయి. కడుపు ఎక్కడా తగిలిన చప్పుడు లేదు.

జీపు బతుకు అన్న మనిషి!

నల్లద్దం వెనక ఆమె మొహం మసగ్గా కనిపించింది. ఆమె రోడ్డు చూడటం లేదు. స్టీరింగు మీదున్న చేతుల్ని చూస్తోంది. ఆ బండిని ఏడాదిగా ప్రాణంలా నడిపిన మనిషికి ఒకరు చెప్పాలా? తల ఎత్తి కిటికీలోంచి బాబాయ్ కోసం వెతికింది. నోరు తెరిచింది. ఏమందో వినపడలేదు.

ఒకదాని వెనక ఒకటి అన్నీ వరసగా వచ్చి డిటెక్టివ్ మీద పడ్డాయి. పిలవకుండానే వచ్చిన జీపు. రెండో పూత రంగు. ఆమె తాళంచెవి పోయిందని ఫిర్యాదు ఇచ్చింది ఎక్కడ? ఈయన స్టేషన్లోనే. తాళాలు మార్చక్కర్లేదని చెప్పిందెవరు? ఆమె ఆయన్ని చూసింది అక్కడే. ముసలావిడ పేరుతో బండి పెట్టుకుని నడుపుకున్న పోలీసు, అమ్మేశాక కూడా తాళంచెవి ఉంచుకున్నాడు. ఎందుకు ఉంచుకున్నాడో ఆ బ్రోకరుకి తెలుసు; ఇక దాచనని వాడు ఆయనతో కూడా అని ఉంటాడు. ఇప్పుడు అందరి కళ్ళముందూ స్టీరింగు పట్టుకున్నాడు, కాబట్టి రేపు వేలిముద్రలు దొరికినా అడిగేవాడు లేడు. రేపటికి మొహం గుర్తుకొస్తుందన్న మనిషి ఇప్పుడు ఆయన పక్కనే కూర్చుని ఉంది. చెప్పేయమ్మా అని నోరారా చెప్పి ఎక్కించింది ఎవరు? తనే. కన్నకూతురిలాంటి పిల్లని చేతులారా అప్పగించాడు.

పరిగెత్తుకుంటూ గేటు దగ్గరికొచ్చేసరికి కారు జీపు పక్కన ఒక్క క్షణం ఆగి ముందుకి పోయింది. జీపు ఇంజను ఆగిపోయింది. లేడీ కానిస్టేబుల్ దిగి వస్తోంది.

"మీరు వెనక వెళ్ళట్లేదా?" అని అడిగాడు.

"మమ్మల్ని ఇక్కడే కాపలా ఉండమన్నారు సార్. లోపలికి ఎవర్నీ పోనివ్వద్దన్నారు. మిమ్మల్ని కూడా కదలనివ్వద్దన్నారు, ఏదో అడగాలట."

ఈమెకి చెప్తే? ఆయన మనిషి. వంద నంబరుకి చేస్తే ఫోన్ వెళ్ళేది ఏ స్టేషన్‌కి? ఈ వీధికి పోలీసంటే ఆయనే. బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉండటం ఇంకా కనిపిస్తోంది. ఆ ఫోన్ ఆయన జేబులో ఉందని తెలిసే, ఇంకేమీ తోచక, డిటెక్టివ్ ఆమె నంబరు నొక్కాడు. ఎలాగైనా బండి ఆపించాలి, అంతే.

రెండు రింగులకే ఎత్తారు.

"చెప్పండి పంటినొప్పి గారూ," అంది ఇన్‌స్పెక్టరు గొంతు.

"ఏం లేదండీ," డిటెక్టివ్ నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "అమ్మాయి బీపీ మాత్రలు ఇక్కడే మర్చిపోయింది. పూట తప్పితే కళ్ళు తిరిగి పడిపోతుంది. ఒక్క నిమిషం ఆగితే తెచ్చి ఇచ్చేస్తాను."

అవతల ఇండికేటరు టిక్కు టిక్కుమంటోంది. ఆయన ఆమెనేదో అడిగినట్టుంది, ఆమె ఏదో అనబోయి ఆగిపోయినట్టుంది. తర్వాత తలుపులన్నీ ఒక్కసారి లాకయిన చప్పుడు ఫోన్లో స్పష్టంగా వినిపించింది.

"మేడమ్ గారు ఏమీ చెప్పట్లేదండీ. మీ వంకే చూస్తున్నారు, అద్దంలోంచి." ఆ గొంతులో తొందర లేదు. "నేనూ చూశాను మిమ్మల్ని, ఇందాక. నేను గట్టు దాటుతుంటే మీరు మా మొహాలు చూడలేదు. చక్రాల వంక చూస్తూ నిలబడ్డారు."

సిగ్నల్ పచ్చబడింది. స్టేషన్ వైపు తిరగాల్సిన చోట నీలం కారు తిరగకుండా తిన్నగా పోయింది. రోడ్డు పొడవునా దాని ముందు ఒక్క బండి కూడా లేదు.

"భయపడకండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "జాగ్రత్తగానే నడుపుతాను. బండికి మాత్రం దెబ్బ తగలనివ్వను."